నేను ఇటు

వెనక గది
ఫిబ్రవరి 3

బాబాయ్,

అదీ కాక మూత సంగతి నిన్నటి కాగితంలో సగంలోనే ఆపేశాను, పోస్టు డబ్బా తెరిచే టైమైపోయిందని. నాన్న అనేదేంటంటే, ఇప్పుడు ఫ్యాక్టరీలో చేసే పాకెట్ లైటర్‌కి మూత తిప్పి ఊడదియ్యాలి కదా. ఒక చేత్తో లైటర్ పట్టుకోవాలి, ఇంకో చేత్తో మూత తియ్యాలి, తీసిన మూత ఎక్కడో పెట్టాలి, ఆ తర్వాత చక్రం తిప్పాలి. అంటే అది మూడు చేతులున్నవాళ్ల కోసం చేసిన లైటర్ అట. ఈ జోకు నాన్నదే, నాది కాదు.

నాన్న మంచం మీద కూర్చుని చెప్తుంటే నేను రాస్తున్నా. కుడి చేతికి కట్టు విప్పేశారు గానీ వేళ్లు మడత పడట్లేదు. ప్రెస్సు కింద పడిన చెయ్యి నాలుగు నెలలకే బాగవ్వాలంటే ఎలా అవుతుంది. అందుకే ఉత్తరాలు నా చేతిరాతలో వస్తున్నాయి, కంగారుపడకు. నా తెలుగు చూసి నవ్వకు కూడా. మా స్కూల్లో తెలుగు వారానికి రెండు పీరియడ్లు, అందులో ఒకటి గేమ్స్‌కి ఇచ్చేస్తారు.

డ్రాయింగ్ సెక్షన్ పెద్దాయన వచ్చి చెప్పిన మాట నిన్ననే రాశాను. మళ్లీ రాస్తున్నా, ఎందుకంటే నువ్వు ఉత్తరాలు చివరిదాకా చదవవని నాన్న అంటాడు. నాన్నని ఇంక ప్రెస్సు మీదకి పంపరు. ఒంటి చేత్తో వెలిగించగలిగే లైటర్ ఒకటి తయారుచేసి ఏప్రిల్ ఇరవైన ఆయనకి చూపిస్తే డ్రాయింగ్ సెక్షన్‌లో కుర్చీ ఇస్తారు. చూపించకపోతే ఈ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. నాన్నేమో అత్త వాళ్లింటికి, నేనేమో హాస్టల్‌కి. అత్త వాళ్లింట్లో ఒక మనిషికి మించి చోటు లేదని అత్తే చెప్పింది. ఏడుస్తూ చెప్పింది కాబట్టి నేను సరేనన్నాను.

అందుకని నువ్వు అక్కడ టూల్ రూమ్‌లో ఇత్తడితో ఒకటి చేసి పంపాలి. డ్రాయింగ్ ఇక్కణ్ణుంచి వస్తుంది. నాన్న చెప్తాడు, నేను గీస్తాను.

ఫోన్ చెయ్యకు. నాన్నకి ఫోన్‌లో మాట్లాడాలంటే విసుగు.

ఇట్లు నట్టు

*

టూల్ రూమ్ మేడ మీద గది
ఫిబ్రవరి 11

అన్నయ్యకి,

నీ ఉత్తరాలు రెండూ చదివాను, చివరిదాకా చదివాను, నా మీద వేసిన నిందతో సహా. మూడు చేతుల జోకు మా ఫిట్టర్లకి చెప్తే ఒకడు నవ్వాడు, మిగతావాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. ఇలాంటి మేధావుల మధ్య బతుకుతున్నాను.

నీ దగ్గర్నుంచి ఒక్క జోకు వచ్చిందంటేనే నాకు సగం బరువు దిగింది. ఆ మాట ఇక్కడితో ఆపేస్తాను.

లైటర్ సంగతికొద్దాం. మూతని ఊడదీసే బదులు కీలు పెట్టి తెరిచేలా చెయ్యొచ్చు, అది తేలికే. కష్టమంతా జేబులో ఉంది. బొటనవేలు తగిలితే తెరుచుకునే మూత, తాళంచెవి తగిలినా తెరుచుకుంటుంది. జేబులో తనంతట తను వెలిగే లైటర్ చేసి మన ఇంటిపేరు కాల్చుకోవద్దు. ఒకే వేలితో తెరవాలి, ఆ వేలు కావాలనుకుంటేనే తెరుచుకోవాలి. దీనికి నువ్వేం ఆలోచించావో రాయించు.

ఇంకో మాట. డ్రాయింగ్ మీద "నేను ఇటు" లేకపోతే నేను ఇత్తడి అరగదియ్యడానికి ఆకురాయి పట్టనని నీకు తెలుసు. ఇరవై ఏళ్ల రూలు, నువ్వు పెట్టిందే.

రావాలనే ఉంది. సెలవు ఇవ్వడం లేదు. ఇక్కడ పని ఎలా ఉందో నీకు తెలుసుగా.

నట్టూ, ఇది నీకు. మీ నాన్న చెప్పింది చెప్పినట్టు రాయి, సొంత తెలివి కలపకు. నీ తెలుగు బాగానే ఉంది గానీ ఆ "ళ"ని ఎందుకలా ఉరితాడులా చుట్టావు? వేళకి తింటున్నావా? నిన్న ఫోన్ చేశాను, మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

బాబాయ్

*

వెనక గది
ఫిబ్రవరి 24

బాబాయ్,

ఫోన్ పాడైంది. బాగుచేసే అతను వస్తానన్నాడు గానీ రాలేదు.

జేబు ప్రాబ్లమ్‌కి నాన్న జవాబు చెప్పాడు. బొటనవేలు కిందకి నొక్కగలదు, వెనక్కి లాగగలదు. తాళంచెవి నొక్కగలదు గానీ లాగలేదు. అందుకని లైటర్ పక్కన నాలుకలాంటి మీట ఒకటి పెడదాం. ముందు దాన్ని బొటనవేలితో వెనక్కి లాగితే గడియ విడుతుంది. అక్కణ్ణుంచి వేలు ఎత్తకుండా కిందకి నొక్కితే స్ప్రింగు మూతని తెరుస్తుంది, అదే ఊపులో చక్రం తిరిగి చెకుముకి రాయి నిప్పు రాలుస్తుంది. ఆర్పాలంటే చూపుడువేలితో మూత వాల్చెయ్యడమే. బాగుందా? అంటే, నాన్న అడగమన్నాడు, బాగుందా అని.

డ్రాయింగ్ ఇందులో పెడుతున్నా. నాలుగు కాగితాలు పాడయ్యాక ఇది వచ్చింది. కొలతలన్నీ నాన్న ఎడమచేతివి. బొటనవేలు అరవై రెండు మిల్లీమీటర్లు, అరచేతి మధ్య గుంట ముప్పై. పాత లైటర్ ఒకటి ఎడమచేతిలో పెట్టి, ఎదురుగా స్టూల్ వేసుకుని కూర్చుని, ఏ వేలు ఎక్కడ ఆనుతోందో చూసి గీశాను. నిద్రపోతున్నప్పుడు గీశాను. మెలకువగా ఉంటే చెయ్యి కదిలిస్తాడు కదా, అందుకని.

కింద "నేను ఇటు" రాశాను. బీరువాలో నాన్న పాత డ్రాయింగులు చూసి అచ్చం అలాగే, ఆ "టు" తోక సాగదీసి మరీ రాశాను. నాన్న రాయమన్నాడు.

పక్కింటి టైమ్‌కీపర్ గారి భార్య నిన్న గోడ మీంచి తొంగి చూసి, "మీ నాన్న గొంతు వినిపిస్తోందే ఈ మధ్య, ఎవరితో మాట్లాడుతున్నాడు?" అంది. ఆవిడ విన్నది రేడియోలో వార్తలు. స్కూల్ నుంచి రాగానే పెడతాను. ఇంట్లో మగమనిషి గొంతు ఉంటే బాగుంటుందని. "నాతోనే ఆంటీ, డ్రాయింగ్ గురించి" అన్నా. "ఆడపిల్లకి డ్రాయింగ్ ఏంటో" అని గోడ దిగిపోయింది.

స్కూల్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. నా పక్కన కూర్చునే అమ్మాయి మీ ఇంటికొస్తానని రెండుసార్లు అడిగింది, మా ఇంటికి రంగులేస్తున్నారని చెప్పా. మొన్న, "ఎన్ని నెలలు వేస్తారు రంగులు?" అంది. ఇప్పుడు వేరే బెంచీకి మారింది. నాకు చోటు ఎక్కువైంది, బ్యాగ్ పక్కనే పెట్టుకుంటున్నా.

వేళకి తింటున్నా.

నట్టు

*

టూల్ రూమ్ మేడ మీద గది
మార్చి 15

అన్నయ్యకి,

పార్సిల్‌లో లైటర్ ఉంది. దూది బాగా కుక్కాను, విప్పేటప్పుడు నాలుక దగ్గర జాగ్రత్త.

నీ డ్రాయింగ్ అందిన రోజు దాన్ని ముందు పెట్టుకుని చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ఎందుకో రాయను. భోజనానికి కూడా దిగలేదు. సాయంత్రం ఈల వేస్తూ మెట్లు దిగుతుంటే మా ఫోర్‌మన్ చూసి, "ఏమయ్యా, పెళ్లి కుదిరిందా?" అన్నాడు. "నలభై నాలుగేళ్లకి కుదిరితే అది వార్త కాదండీ, పుకారు" అన్నాను.

గీసింది గీసినట్టు చేశాను. ఒక్క స్ప్రింగు మాత్రం మూడుసార్లు మార్చాను. మొదటిది మూతని మేడ మీదకి విసిరింది, రెండోది అసలు తెరవలేదు, మూడోది నీకు పంపాను. లాగి నొక్కడం అనే ఆలోచన నాకు వచ్చేది కాదు. ఒట్టు. నాలుకకి మెత్తగా గాట్లు పెట్టాను, వేలు జారకుండా. అంచులన్నీ అరగదీసి నా అరచేతికి రాసి చూసుకున్నాను, ఎక్కడా గీసుకోదు.

వెలిగించి చూసి రాయించు. ఎన్నిసార్లు వెలిగింది, ఎన్నిసార్లు మొరాయించింది, అన్నీ. నట్టూ, ఈ ఒక్కసారికి నీ సొంత తెలివి కూడా కలిపి రాయి. మీ నాన్న మొహం ఎలా ఉందో రాయి. నాకు అది కావాలి.

బాబాయ్

*

వెనక గది
మార్చి 20

బాబాయ్,

ముప్పైసార్లకి ఇరవై తొమ్మిదిసార్లు వెలిగింది. మొరాయించిన ఒక్కసారీ గాలి తప్పు, లైటర్‌ది కాదు. వెనక మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టా. నాలుక వేలి కింద ఎంత బాగా కూర్చుందంటే, చీకట్లో అయినా వెతుక్కోనక్కర్లేదు. స్కూల్ బ్యాగ్ జేబులో వేసుకుని రెండు రోజులు తిప్పాను, తాళంచెవులు, జామెట్రీ బాక్సు, అన్నిటితో కలిపి. తనంతట తను తెరుచుకోలేదు.

నాన్నా వెలిగించాడు. పొద్దున తనే స్టవ్ వెలిగించి ఇద్దరికీ టీ పెట్టాడు. నవ్వాడు కూడా. మొహం ఎలా ఉందని అడిగావు కదా, నవ్వితే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇరవయ్యో తారీఖుకి ఇంకా నెల ఉంది. ఈలోపు నువ్వేమీ చెయ్యనక్కర్లేదు. పెద్దాయన వస్తాడు, లైటర్ చూస్తాడు, కుర్చీ ఇస్తాడు, అంతే.

నువ్వెప్పుడొస్తావని నాన్న అడిగాడు. తొందరేం లేదట. సెలవు దొరికినప్పుడే.

నట్టు

*

టూల్ రూమ్ మేడ మీద గది
ఏప్రిల్ 2

అన్నయ్యా,

ఇంక దాచుకోలేను. నువ్వు చెప్పేదాకా ఆగుదామనుకున్నాను. నువ్వు చెప్పవు, నీ సంగతి నాకు తెలీదా.

ఆ డ్రాయింగ్ విప్పగానే నేను చూసింది ఒక్కటే. నాలుక ఎడమపక్కన ఉంది. కింద "నేను ఇటు" ఉంది. అంటే పట్టుకున్నవాడు తన వైపు నుంచి చూస్తే నాలుక తనకి ఎడమపక్కన రావాలి. అలా వస్తే, పిడికిట్లో పట్టుకున్నప్పుడు అది ఏ బొటనవేలికి అందుతుంది? కుడిచేతి బొటనవేలికి. నువ్వు కుడిచేతి లైటర్ గీసి పంపావు అన్నయ్యా. ఎడమచేతి కొలతలని నట్టు రాసింది గానీ, దానికేం తెలుసు, నువ్వు దానికి కూడా చెప్పకుండా దాచి ఉంటావనుకున్నాను. అయినా నమ్మకం చాలక, వెలిగించాక రాయమన్నాను. స్టవ్ వెలిగించావని రాసింది. ఆ ఉత్తరం చదివి నేను టూల్ రూమ్ వెనక్కెళ్లి మొహం కడుక్కొచ్చాను.

నీ వేళ్లు వచ్చేశాయి.

పట్టలేక పెద్దాయనకి ఉత్తరం రాసేశాను, మా అన్నయ్య కుడిచెయ్యి పనిచేస్తోంది, తన చేత్తో తనే లైటర్ వెలిగిస్తున్నాడు అని. ఆయన వెంటనే జవాబిచ్చాడు. చాలా సంతోషమట. ఇరవయ్యో తారీఖున ఫ్యాక్టరీ డాక్టర్‌ని కూడా వెంటబెట్టుకొస్తానన్నాడు. చెయ్యి బాగుంటే కుర్చీ మాటే అక్కర్లేదు, ఆ వారమే మళ్లీ ప్రెస్సు మీదకి తీసుకుంటారట. నువ్వు పద్దెనిమిదేళ్లు నిలబడ్డ చోటు. కుర్చీలో కూర్చుంటే నీకు నడుం నొప్పి తప్ప ఏమొస్తుంది.

నట్టూ, మీ నాన్న తిట్టినా పర్లేదు, నేను తొందరపడ్డానని చెప్పు.

బాబాయ్

*

వెనక గది
ఏప్రిల్ 6

బాబాయ్,

ఈ ఉత్తరం నాన్న చెప్పి రాయించింది కాదు. ఏ ఉత్తరమూ కాదు.

నాన్న కుడిచేతి వేళ్లు రాలేదు. స్టవ్ వెలిగించలేదు. లైటర్ ముట్టుకోలేదు కూడా. వెనక మెట్ల మీద వెలిగించింది నేను, నా కుడిచేత్తో. అందుకే నాకు అంత బాగా సరిపోయింది. నాకు అప్పుడు తట్టలేదు. ఎంత ఫూల్‌నో చూడు, ఎడమచేతి లైటర్‌ని కుడిచేత్తో టెస్ట్ చేసి పాసైందని రాశాను.

"నేను ఇటు" అంటే నాన్న సంతకం అనుకున్నా. పాత డ్రాయింగులన్నిటి కిందా ఉంది కదా. నేను నాన్నకి ఎదురుగా కూర్చుని, నాకు కనిపించినట్టు గీసి, కింద ఆ ముక్క కాపీ కొట్టాను. దానికి అర్థం ఉంటుందని తెలీదు.

అన్నీ చెప్పేస్తా. జనవరిలో ఒక పొద్దున నాకు జ్వరం. నాన్న లేచి టీ పెడదామని పాత లైటర్ మోకాళ్ల మధ్య బిగించి, ఎడమచేత్తో మూత తిప్పుతున్నాడు. నేను పడుకుని చూస్తున్నా. గ్యాస్ ముందే తిప్పేశాడు. మూత రాలేదు. మళ్లీ తిప్పాడు. లైటర్ జారి స్టవ్ కిందకి పోయింది. నాన్న గ్యాస్ ఆపేసి వచ్చి మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను నిద్ర నటించాను. లేచి, "నేను పెడతాలే నాన్నా" అనుంటే ఏమయ్యేదో. అనలేదు. అప్పట్నుంచి నాన్న మాట్లాడట్లేదు. పెట్టింది తింటాడు, ఏదన్నా అడిగితే "ఊఁ" అంటాడు, అంతే.

పెద్దాయన వచ్చిన రోజు కూడా గోడనే చూస్తూ కూర్చున్నాడు. "ఏమయ్యా, చెయ్యగలవా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. ఆయన లేచి వెళ్లిపోతుంటే గుమ్మం దగ్గర నేనే, "చేస్తానన్నాడండీ, ఇప్పుడే నాతో అన్నాడు" అన్నా. అక్కణ్ణుంచి మొదలైంది. ఫోన్ పాడవలేదు, వైరు నేనే పీకేశాను. నువ్వు ఫోన్ చేస్తే నాన్నని ఇమ్మంటావని.

మూడు చేతుల జోకు నాదే.

ఇప్పుడు నిజం చెప్తే నన్ను హాస్టల్‌కి, నాన్నని అత్త వాళ్లింటికి పంపుతారు. చెప్పకపోతే ఆ చేత్తోనే ప్రెస్సు ముందు నిలబెడతారు. స్కూల్‌కి వెళ్తున్నా గానీ బోర్డు మీద ఏం రాస్తున్నారో తెలీట్లేదు. ఇంటికొచ్చి రేడియో పెడుతున్నా, వింటున్నది నేనొక్కదాన్నే.

నన్ను తిట్టు, పర్లేదు. పెద్దాయనకి మాత్రం ఏదో ఒకటి రాయి. ఎడమచేతిది ఇంకోటి చేసి పంపు. డ్రాయింగ్ మళ్లీ గీస్తా, ఈసారి నాన్న పక్కన కూర్చుని.

నట్టు

*

టూల్ రూమ్ మేడ మీద గది
ఏప్రిల్ 10

నట్టుకి,

నిన్ను తిట్టడానికి నాకు మొహం లేదు.

నాకు సెలవు ఎప్పుడూ కావలసినంత ఉంది. ఆరు నెలల్లో ఒక్కరోజు వాడలేదు. నాకు పని నేర్పిన చెయ్యి మీ నాన్నది. ఆకురాయి పట్టుకోవడం, నా చేతిని తన చేతిలో పెట్టుకుని నేర్పాడు. దాన్ని ఆ స్థితిలో చూడలేక రాలేదు. అందుకే నాలుక ఎడమపక్కన కనబడగానే వెనకా ముందూ చూడకుండా నమ్మేశాను. నీ అబద్ధాలు నన్ను మోసం చేశాయనుకోకు. నాకు ఆ అబద్ధం కావాలి, నువ్వు పంపావు. పదిహేనేళ్ల పిల్లని ఆ ఇంట్లో ఒంటరిగా వదిలేసి నేనిక్కడ ఈలలు వేసుకుంటూ మెట్లు దిగాను.

పెద్దాయనకి ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాను. చెయ్యి సంగతి నా పొరపాటు, నేనే డ్రాయింగ్ తప్పుగా చదివానని. డాక్టర్ రాడు, ప్రెస్సు మాట లేదు. ఆయన మాత్రం ఇరవైన లైటర్ చూడ్డానికి వస్తాడు.

"నేను ఇటు" సంగతి విను. నేను పనిలో చేరిన కొత్తలో నేనూ మీ నాన్నా ఒకే బల్లకి అటొకరం ఇటొకరం కూర్చునేవాళ్లం. తను గీసి మధ్యలో పెట్టేవాడు, నేను నా వైపు నుంచి చూసి చేసేవాణ్ణి. తలుపు గడియలు ఇరవై చేశాను, ఇరవైకి ఇరవై తిరగబడి వచ్చాయి. ఫోర్‌మన్ వాటిని మా ఇద్దరి మెడలో దండేస్తానన్నాడు. ఆ మర్నాటి నుంచి మీ నాన్న ప్రతి డ్రాయింగ్ కిందా రాయడం మొదలుపెట్టాడు, వస్తువు పట్టుకునేవాడు ఏ వైపు ఉన్నాడో నాకు తెలియడానికి. నువ్వు చేసిన తప్పు మా ఇంట్లో తప్పే. బయటివాళ్లకి రాదు.

నీ డ్రాయింగ్ మంచిది. ముఖస్తుతి కాదు. లాగి నొక్కడం నీదే అని ఇప్పుడు తెలిసింది కాబట్టి మళ్లీ చెప్తున్నాను, నాకు వచ్చేది కాదు. నాలుక అటు మార్చి ఇంకోటి చెయ్యడానికి నాకు రెండు రోజులు చాలు. కానీ నీ డ్రాయింగ్‌తో చెయ్యను.

కోప్పడకు. ఇరవైన పెద్దాయన కుర్చీ ఇచ్చాడనుకో. ఇరవై ఒకటిన ఆ కుర్చీలో కూర్చుని గీసేదెవరు? నువ్వు స్కూల్ మానేసి బల్ల కింద దాక్కుంటావా? నువ్వు ఇప్పటిదాకా మీ నాన్న బదులు మాట్లాడావు, నవ్వావు, టీ కూడా పెట్టావు. ఇంక నీ వల్ల కాదు తల్లీ. ఎవరి వల్లా కాదు.

లోపల మడిచిన కాగితం అన్నయ్యకి. నువ్వు చదవకుండా ఉండవని తెలుసు కాబట్టి అంటించలేదు. అది, లైటర్, నీ డ్రాయింగ్, మూడూ ఆయనకి ఇచ్చెయ్యి. తనేం చేస్తాడో నాకు తెలీదు. ఏమీ చెయ్యకపోతే ఇరవైన నేనే పెద్దాయన ముందు నిలబడి నిజం చెప్తాను, నువ్వు గుమ్మం దగ్గరికి రానక్కర్లేదు. పద్దెనిమిదిన వస్తున్నాను, టికెట్ తీసుకున్నాను.

బాబాయ్

(లోపలి కాగితం)

అన్నయ్యా,

ఈ డ్రాయింగ్ నీ కూతురు గీసింది. నీ పేరు మీద నాతో రెండు నెలలు ఉత్తరాలు నడిపింది. దానికి ఇంకెవరూ లేరు కాబట్టి నువ్వున్నట్టు రాసుకుంది. ఇందులో ఒక తప్పుంది, అది నేను దిద్దను. ఇన్నాళ్లూ రాలేదు, నేను పిరికివాణ్ణి. పద్దెనిమిదిన వస్తాను. నువ్వు గోడవైపు తిరిగే కూర్చుంటే నేనూ పక్కనే గోడవైపు తిరిగి కూర్చుంటాను.

నీ తమ్ముడు

*

వెనక గది
ఏప్రిల్ 14, మధ్యాహ్నం

బాబాయ్,

ఇచ్చేశాను. ఇచ్చానంటే మూడూ మంచం మీద నాన్న పక్కన పెట్టి పారిపోయి వచ్చాను. తలుపేసుకుని నీకు రాస్తున్నా. రేడియో పెట్టలేదు.

నీ మీద కోపం వచ్చింది. రెండు రోజులు ఆ కాగితం నా ఇంగ్లీష్ గ్రామర్ బుక్కులో దాచాను. చింపేద్దామనుకున్నా. నువ్వు చెయ్యనంటే వేరే ఎవరైనా చేస్తారేమోనని బజార్లో గొడుగులు బాగుచేసే ఆయన దగ్గరికి కూడా వెళ్లాను, లైటర్ చూపించి, నాలుక ఇటు మారుస్తారా అని అడిగా. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత బాగా పనిచేస్తోంది, ఎందుకు పాడుచేస్తావమ్మా? ఎవరికి?" అన్నాడు. మా నాన్నకి అనడానికి నోరు రాలేదు. ఎవరికీ కాదన్నాను. ఇంటికొచ్చే దారంతా అదే మాట వినబడింది. ఇవాళ భోజనాలయ్యాక ఇచ్చేశాను.

గోడ పల్చన కాబట్టి అన్నీ వినబడతాయి. కాగితం మడత విప్పుతున్న చప్పుడు చాలాసేపు వచ్చింది. ఒక చేత్తో విప్పాలంటే అంతసేపు పడుతుందని నాకు తెలీదు. నేనెప్పుడూ విప్పే ఇచ్చేదాన్ని. ఆ తర్వాత ఏమీ లేదు. అంటే చదువుతున్నాడు, లేదా చదవడం అయిపోయింది.

నాన్న నవ్వాడని రాశాను చూడు, నేను రాసినవాటిలో అదే పెద్ద అబద్ధం. దానికే సిగ్గుగా ఉంది. అది నాన్నకి చెప్పకు.

ఇప్పుడు లైటర్ చప్పుడు వచ్చింది. టిక్ అని. వెలిగిన చప్పుడు కాదు, నాలుక జారిన చప్పుడు, నాకు తేడా తెలుసు. మళ్లీ టిక్. ఎడమచేత్తో ప్రయత్నిస్తే అలాగే జారుతుంది, వేలు వెనక నుంచి రావాలి. మళ్లీ. ఆరు. ఏడు. ఆపేశాడు.

బాబాయ్ నాకు భయంగా ఉంది. నా వల్లే ఇంకోసారి ఓడిపోయాడు. నువ్వు ఎడమచేతిది చేసి పంపుంటే ఇప్పుడు వెలిగేది కదా. నువ్వు చేసింది తప్పేమో. ఇద్దరం కలిసి తప్పు చేశామేమో. మంచం కిర్రుమంది. లేచాడు. బాత్రూమ్‌కేమో. కాదు, అటు కాదు. బీరువా తెరిచాడు. బీరువాలో ఏముంది, పాత డ్రాయింగులు తప్ప. ఏదో కింద పడింది, స్కేలేమో, ఇనప చప్పుడు. బల్ల లాగుతున్నాడు. బల్ల ఒక చేత్తో లాగితే గోడకి కొట్టుకుంటోంది, పక్కింటావిడ ఇంక గోడ ఎక్కుతుంది.

పెన్సిల్ చప్పుడు, ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. అడుగులు ఇటే వస్తున్నాయి.

తలుపు కొడుతున్నాడు. నా తలుపు ఎప్పుడూ కొట్టలేదు బాబాయ్, తోసుకునే వచ్చేవాడు, ముందు రోజుల్లో కూడా. మళ్లీ కొట్టాడు.

"ఎవరు గీశారే ఇది, తిరగేసి?" అంటున్నాడు. గొంతు బొంగురుపోయింది, ఎవరిదో గొంతులా ఉంది. "ఎడంచేత్తో గీస్తుంటే కాగితం నా కూడా వచ్చేస్తోంది. ఏం చేస్తున్నావ్ లోపల? రా, వచ్చి ఆ స్కేలు పట్టుకో."

ఏం లేదు నాన్నా అన్నాను. ఈ కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నా